ఒక్కరోజు రిట్రీట్: ఉత్త కూర్చునే ధ్యానమా, చిగోంగ్ కలిపిందా?

సెలవు ఒక్కటే రోజు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునే రిట్రీట్‌కి వెళ్లాలా, మధ్యమధ్యలో చిగోంగ్ (ఊపిరితో కలిపి మెల్లగా చేసే చైనా వ్యాయామం) కదలికలున్నదానికా?

ఖర్చు: కూర్చునే ధ్యానం నేర్పే, ఎస్.ఎన్. గోయెంకా పద్ధతి విపశ్యన కేంద్రాలు ఫీజు తీసుకోవు, విరాళాలతోనే నడుస్తాయి. కాకపోతే అక్కడ ఒక్కరోజు కోర్సు పదిరోజులది పూర్తిచేసినవాళ్లకే. చిగోంగ్‌కి నేర్పే మనిషి కావాలి, మామూలుగా ఫీజుంటుంది.

శ్రమ: కూర్చోవడమే తేలికనుకుంటాం. కాసేపటికే మోకాళ్లు లాగుతాయి, నడుం పట్టేస్తుంది, భోజనమయ్యాక కునుకు సరేసరి. బాదువాన్‌జిన్ అనే చిగోంగ్ వరసలో ఎనిమిది కదలికలుంటాయి. మొదటిదాంట్లో వేళ్లు పెనవేసి, అరచేతులు ఆకాశం వైపు తిప్పి, ఊపిరి పీలుస్తూ మెల్లగా పైకి నెట్టాలి, ఈ వరసంతా ఓ పావుగంట చేసి మళ్లీ కూర్చుంటే మత్తు వదిలి శ్వాస మీద ధ్యాస నిలుస్తుంది. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీదే ధ్యాస పెట్టడం) కార్యక్రమంలోనూ తేలిక యోగా ఉంది, కాబట్టి కదలిక కలిపితే ధ్యానం పలచనవుతుందనే మాట నేను ఒప్పుకోను.

రిస్క్: ఆందోళన ఎక్కువున్నవాళ్లకి గంటల తరబడి కళ్లు మూసుకుంటే అది పెరగొచ్చు. చిగోంగ్‌లో చెయ్యి సరిగ్గా లేచిందా లేదా అన్న టెన్షన్ పట్టుకుంటే అది పీటీ క్లాసే. తల తిరిగే బాధ ఉంటే ముందుకు వంగేవి వదిలేయండి.

కొత్తవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, వారమంతా కంప్యూటర్ ముందుండేవాళ్లు చిగోంగ్ కలిపినదానికే వెళ్లండి. రోజూ అరగంట కూర్చునే అలవాటుండి, మౌనం ఇంకా కావాలనిపిస్తే ఉత్త కూర్చునేదే.