పొందూరు ఖద్దరుకు సరే, బుడితి ఇత్తడికి కష్టమే: రెండు సాఫ్ట్‌బాక్సుల కిట్

శ్రీకాకుళంలో ఇంటి గదిలోనే చీరలకో, ఇత్తడి సామానుకో ఫొటోలు తీసి అమ్ముకునేవాళ్లు మొదట కొనేది ఈ కిట్టే: 50×70 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్సులు (బల్బు వెలుగును తెల్లగుడ్డ గుండా మెత్తగా పరిచే పెట్టెలు) రెండు, స్టాండ్లు రెండు, బల్బులు రెండు. పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది, బల్బులు మారిస్తేనే.

హోల్డరు ఈ27, అంటే మర బల్బుది. మన ఇళ్లలో వాడే రెండు పిన్నుల బల్బు పట్టదు. షాపులో 6500 కెల్విన్‌ది (కెల్విన్ అంటే వెలుగు రంగు కొలత) చేతిలో పెడతారు, వద్దనండి. 5000 నుంచి 5600 మధ్యది, సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె) 90 దాటినది, రెండూ ఒకే రకానివి తీసుకోండి. సీఆర్ఐ తక్కువైతే ఎర్రంచు వెలిసినట్టు పడుతుంది. "ఫొటోలో రంగు వేరు" అంటూ చీర వెనక్కొచ్చేది ఇందుకే. తీసేటప్పుడు గదిలో ట్యూబ్‌లైటు ఆర్పేయండి. కెమెరాకు తెల్ల కాగితం చూపించి వైట్ బ్యాలెన్స్ సెట్ చేసుకోండి, తెలుపు తెలుపుగానే పడుతుంది.

పొందూరు ఖద్దరు అందమంతా నేతలోనే ఉంది. వాలుగ చేప దవడతో దువ్విన పత్తి, చేత్తో వడికిన నూలు. ఆ పోగులోని సన్నటి హెచ్చుతగ్గులు కనబడాలి. రెండు లైట్లూ చెరోపక్క సమానంగా పెడితే బట్ట కాగితంలా చదునైపోతుంది. ఒకటి ఆర్పండి. రెండోది మూడడుగుల దూరంలో, వెలుగు బట్ట మీదుగా ఏటవాలుగా జారేలా పక్కన పెట్టండి. పోగు పోగుకీ నీడ లేస్తుంది. అవతల తెల్ల థర్మోకోల్ షీటు నిలబెడితే ఆ నీడ మరీ నల్లబడదు. దగ్గరి అంచు తెల్లగా పేలిపోతుంటే లైటు వెనక్కి జరపాలి, రెండంచుల మధ్య వెలుగు తేడా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి షట్టరు సమయం నాలుగింతలు చేయాలి. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే చురుకు) 100, ఎఫ్/8 (లెన్సు రంధ్రం కొలత) దగ్గర షట్టరు బల్బు బలాన్ని బట్టి 1/10 సెకనో, అంతకన్నా ఎక్కువో తేలుతుంది. ట్రైపాడ్ లేకుండా కుదరదు.

ఇక బుడితి చెంబు. గుండ్రటి ఇత్తడి గదినంతా మింగి చూపిస్తుంది: సాఫ్ట్‌బాక్సు చట్రం, నడిమధ్య బల్బు మచ్చ, గులాబీ గోడ, కెమెరా పట్టుకున్న చేతులు. సాఫ్ట్‌బాక్సు ముందున్న తెల్లగుడ్డ పలచన కావడంతో మధ్యలో వెలుగు ముద్ద కడుతుంది. సాఫ్ట్‌బాక్సుకు అడుగు ముందు పెద్ద ట్రేసింగ్ పేపరు వేలాడదీస్తే మచ్చ కరిగిపోతుంది. చెంబు అంచు వెనక తెలుపులో కలిసిపోతే ఫ్రేములో పడకుండా పక్కన నల్ల చార్టు పట్టీ నిలబెట్టండి, అంచు గీత గీసినట్టు తేలుతుంది.

స్టాండు తేలిక; తల బరువుకు ఫ్యాను గాలి చాలు ఒరగడానికి. కాళ్ల మధ్య రెండు మూడు కిలోల ఇసుక సంచి కట్టండి. తల వంచే మర ప్లాస్టిక్‌ది, గట్టిగా బిగిస్తే పళ్లు అరిగి లైటు మెల్లగా కిందికి వాలిపోతుంది.

కదిలే పిల్లల ఫొటోలకు మాత్రం ఈ కిట్ కొనకండి. ఈ వెలుగు చాలదు. మాన్యువల్ ఫ్లాషు ఒకటి, దాని వెలుగు పరిచే ఫొటో గొడుగు ఒకటి, కెమెరా నుంచి ఫ్లాషును వెలిగించే ట్రిగ్గరు ఒకటి తీసుకోండి.