మూడున్నరేళ్లు ఉచిత సలహాలు వాడి ఆస్ట్రేలియా వీసా తెచ్చుకున్నాక

"60 పాయింట్లు చాలు బావా, నేను వచ్చిందీ 60తోనే."

2021 జూన్‌లో మా ఆవిడ వాళ్ల అన్నయ్య మెల్‌బోర్న్ నుంచి ఫోన్లో అన్న మాట ఇది. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసం (పీఆర్) వీసాకు వయసు, చదువు, అనుభవం, ఇంగ్లిష్ లాంటివి చూసి పాయింట్లు వేస్తారు. 2016లో ఆయన అప్లై చేసినప్పుడు కనీస అర్హత 60 పాయింట్లే. 2018 జూలై 1 నుంచి అది 65 అయింది. ఆ 65 కూడా వరుసలో నిలబడనిస్తుందంతే, లోపలికి పిలుస్తారని కాదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు పిలుపు రావాలంటే అంతకంటే చాలా ఎక్కువ ఉండాలి. ఈ సంగతి నాకు తెలిసేసరికి నాలుగు నెలలు గడిచిపోయాయి. నా లెక్క ప్రకారం నాకు 70 ఉన్నాయి కదా అని ఆ నాలుగు నెలలూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను.

నేను వాడిన సలహాలు ఎక్కడివో ముందే చెబుతాను. ఒకటి మా బావగారు. రెండు, ఆఫీసులో నాకంటే ఏడాది ముందు ప్రాసెస్ మొదలుపెట్టిన కొలీగ్. మూడు, రెండు వందల మందికి పైగా ఉన్న ఒక తెలుగు వాట్సాప్ గ్రూప్. వీటికి తోడు అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్ల 'ఫ్రీ అసెస్‌మెంట్'. 2024 నవంబరులో వీసా వచ్చింది, సబ్‌క్లాస్ 190, అంటే ఒక రాష్ట్రం నామినేట్ చేస్తే వచ్చేది. ఇప్పుడు మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో ఉంటున్నాం. కాబట్టి ఇది వీసా రాని మనిషి అక్కసు కాదు.

కన్సల్టెన్సీ సంగతి త్వరగా తేల్చేస్తాను. ఇరవై నిమిషాల ఫ్రీ అసెస్‌మెంట్‌లో పద్దెనిమిది నిమిషాలు ప్యాకేజీ గురించే. 'పీఆర్ గ్యారంటీ' అన్నారు. ఆస్ట్రేలియాలో ఉండి వీసా సలహాలు అమ్ముకునే ఏజెంటుకు అక్కడి ప్రభుత్వ నమోదు ఉండాలి. ఆ నంబర్‌ను మార్న్ అంటారు, ఏడంకెలు ఉంటాయి, ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. హైదరాబాద్‌లో కూర్చుని అమ్మేవాళ్లకు మాత్రం ఆ నమోదు తప్పనిసరి కాదు. నంబర్ అడిగితే ఆ అబ్బాయి తన విజిటింగ్ కార్డు ఇచ్చాడు. వాళ్లిచ్చిన మజ్జిగ మాత్రం చల్లగా ఉంది.

గ్రూప్ నాకు బాగా పనికొచ్చింది కాగితాల దగ్గర. సాఫ్ట్‌వేర్ వాళ్ల చదువు, ఉద్యోగం సరిపోతాయో లేదో చూసేది ఏసీఎస్, అంటే ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ. దానికి ప్రతి కంపెనీ నుంచీ మనం ఏమేం పని చేశామో రాసిన లెటర్ కావాలి. మన హెచ్‌ఆర్‌లు ఇచ్చేది 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశారు' అనే రెండు లైన్ల సర్టిఫికెట్. నా మొదటి కంపెనీ వాళ్లు అంతకు మించి ఒక్క అక్షరం కూడా ఇవ్వలేమన్నారు. అలాంటప్పుడు పాత సీనియర్ చేత స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి, దానికి పేస్లిప్పులు, ఫారం 16లు జతచేయొచ్చని గ్రూప్‌లోనే తెలిసింది. నేనెప్పుడూ చూడని ఒకాయన నాలుగు నిమిషాల వాయిస్ నోట్ పంపి, ఏ కాగితం తర్వాత ఏది పెట్టాలో వరుసగా చెప్పాడు. ఆ నోట్ ఇప్పటికీ డిలీట్ చేయలేదు.

అదే గ్రూప్‌లో తిరిగే రెడీమేడ్ వర్డ్ ఫైలు కూడా నా దగ్గరకొచ్చింది. పేరు, తేదీలు మార్చుకుంటే చాలన్నారు. ఒక రాత్రి కూర్చుని మార్చాను. పొద్దున మా ఆవిడ చదివి, "మీరు పుణెలో బ్యాంకింగ్ ప్రాజెక్టు ఎప్పుడు చేశారు?" అంది. చివరి పేరాలో ఎవరిదో కంపెనీ పేరు, ఎవరిదో ప్రాజెక్టు అలాగే ఉండిపోయాయి. అది గనక అలాగే వెళ్లి ఉంటే? తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే 4020 అనే నిబంధన కింద మూడేళ్ల దాకా వీసా ఇవ్వరు. ఆ ఫైలు పక్కన పడేసి, నేను చేసిన పనేదో నా మాటల్లోనే రాసుకున్నాను. ఎక్స్‌పీరియన్స్ తక్కువైతే తెలిసినవాళ్ల కంపెనీ లెటర్ 'ఏర్పాటు' చేస్తామన్న వాళ్లూ ఇద్దరు తగిలారు. వాళ్ల నంబర్లు బ్లాక్ చేశాను.

2022 ఫిబ్రవరిలో ఏసీఎస్ లెటర్ వచ్చింది. నేను ఉద్యోగంలో చేరింది 2013 జూలైలో. లెటర్‌లో మాత్రం '2015 జూలై తర్వాతి అనుభవం' మాత్రమే లెక్క అని ఉంది. పొరపాటు పడ్డారనుకున్నా. కాదట. డిగ్రీ కంప్యూటర్స్‌దే, ఉద్యోగానికి దగ్గరిదే అయినా, రెండేళ్ల అనుభవాన్ని 'స్కిల్డ్ అయ్యేదాకా పట్టిన కాలం'గా తీసేస్తారు. ఎనిమిదేళ్లకు 15 పాయింట్లు, ఐదు నుంచి ఏడేళ్లకు 10. ఒక్క లైనుతో ఐదు పాయింట్లు పోయాయి. ఈ రెండేళ్ల కోత గురించి బావగారికీ తెలుసు, కొలీగ్‌కూ తెలుసు. "నీకు తెలిసే ఉంటుందనుకున్నా" అన్నారు ఇద్దరూ.

పోయిన ఐదింటిని రాబట్టుకునే దారి మా ఇంట్లోనే ఉందని కూడా ఆలస్యంగా తెలిసింది. మా ఆవిడ పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్ష రాస్తానంటే "ఆమె పరీక్ష ఎందుకు, దండగ" అన్నారు బావగారు. ఆయన రోజుల్లో నిజంగానే భార్య ఇంగ్లిష్‌కు పాయింట్లు లేవు. 2019 నవంబరు 16న పద్ధతి మారింది. భర్తకో భార్యకో కాంపిటెంట్ ఇంగ్లిష్ ఉంటే 5, వాళ్లకు స్కిల్ అసెస్‌మెంట్ కూడా ఉంటే 10. పెళ్లికాని వాళ్లకు ఊరికే 10. (ఈ చివరి సంగతి ఇంట్లో చెప్పి ఒక పూట మాటల్లేకుండా గడిపాను.) ఆమె రాసింది, మొదటిసారే వచ్చింది. నాకు 20 పాయింట్లు తెచ్చే 79 దాటడానికి మూడుసార్లు పట్టింది.

నిజంగా ఐదు స్టార్లు ఇవ్వాల్సిన సలహా తెలుగు గురించి వచ్చింది. నాటీ అని అక్కడ అనువాదకులకు గుర్తింపునిచ్చే సంస్థ, వాళ్ల సీసీఎల్ అని ఒక పరీక్ష ఉంది. ఇంగ్లిష్ మాట్లాడే అధికారి, తెలుగు మాత్రమే వచ్చిన మనిషి మాట్లాడుకుంటుంటే మధ్యలో మనం అటుదిటు, ఇటుదటు చెప్పాలి. రెండు సంభాషణలు, ఒక్కోదానికి 45 మార్కులు. మొత్తం 90కి 63 రావాలి, ఏ ఒక్కదాంట్లోనూ 29కి తగ్గకూడదు. పాసైతే 5 పాయింట్లు. నేను రాసినప్పుడు ఫీజు 800 డాలర్లు. తెలుగే కదా, కళ్లు మూసుకుని రాసేయొచ్చు అన్నారు అందరూ. గ్రూప్‌లో ఒకావిడ మాత్రం, "కళ్లు మూసుకుని రాసినవాళ్లే ఫెయిలయ్యారు, ఇంట్లో పెద్దవాళ్లతో ప్రాక్టీస్ చేయండి" అని రాసింది.

ఖమ్మంలో అమ్మకు ఫోన్ చేశాను. వరసగా ఆరు వారాలు, రాత్రి తొమ్మిదికి. ఇంగ్లిష్ వాక్యం నేనే చదివి నేనే తెలుగులో చెప్పేవాణ్ణి, అమ్మ వినేది. ఇన్సూరెన్స్ వాక్యం ఒకటి వచ్చింది. 'దరఖాస్తుదారుని అభ్యర్థన తిరస్కరణకు గురైంది' అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. "నాన్నా, వాడికి డబ్బులు ఇవ్వమన్నారా, ఇస్తామన్నారా?" అంది. 'మీ క్లెయిమ్ ఒప్పుకోలేదండి' అన్నాను. "అట్లా చెప్పు మరి" అంది. పరీక్షలో పోయేది తెలుగు రాక కాదు. అద్దె బాండు, వాయిదా, పూచీకత్తు లాంటి మాటలు నోటికి తట్టక, ఒక తేదీనో అంకెనో వదిలేసి పోతాయి మార్కులు. అమ్మ అంకెలు వదలనిచ్చేది కాదు, చిట్టీలు కట్టిన మనిషి. నాకు 71 వచ్చాయి.

అప్పటికి లెక్క ఇది: వయసుకు 30, డిగ్రీకి 15, అనుభవానికి 10, ఇంగ్లిష్‌కు 20, మా ఆవిడకు 5, తెలుగుకు 5. మొత్తం 85. రాష్ట్రం నామినేట్ చేసే 190 అయితే ఇంకో 5. 2022 సెప్టెంబరులో స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ సైట్‌లో ఈఓఐ, అంటే నాకు ఆసక్తి ఉందని తెలిపే దరఖాస్తు వేసి, విక్టోరియా అని టిక్ పెట్టి, ఎదురుచూపు మొదలుపెట్టాను. 491 అనే ఇంకో వీసా సంగతి కూడా అడిగాను. "అది రీజనల్, అడవిలో పడేస్తారు" అన్నాడు కొలీగ్. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతా అంతా ఆ వీసాకు రీజనలే. అడిలైడ్, పెర్త్ కూడా ఆ 'అడవి'లోవే!

ఐదు నెలలు చూశాను. ఏమీ రాలేదు. 2023 ఫిబ్రవరిలో మాటల మధ్యలో ఎవరో "ఆర్‌ఓఐ ఎప్పుడు వేశారు?" అని అడిగారు. అదేంటన్నాను. విక్టోరియాకు ఈఓఐ ఒక్కటే సరిపోదు. రిజిస్ట్రేషన్ ఆఫ్ ఇంటరెస్ట్ అని రాష్ట్రం దగ్గర వేరేగా వేయాలి, అది లేకపోతే వాళ్లు మన వంక చూడనే చూడరు. ఆ రాష్ట్ర ప్రభుత్వం సైట్‌లో మొదటి పేజీలోనే రాసి ఉంది. నేను ఆ పేజీ ఎప్పుడూ తెరవలేదు. రెండు వందల మందిని అడిగే సౌకర్యం ఉన్నప్పుడు ఒక పేజీ చదవడానికి బద్ధకం వేస్తుంది. నేను వాడిన ఈ వస్తువులో పెద్ద లోపం అదే, వేరే ఎవరి మీదా నెట్టలేను.

ఆర్‌ఓఐ వేసిన రెండు నెలలకు పిలుపు వచ్చింది. దాంతోపాటే పెద్ద రభస. నేను 2022 ఆగస్టులో కంపెనీ మారాను. ఏసీఎస్ లెటర్ అంతకు ముందుది. కొత్త ఉద్యోగానికి మళ్లీ అసెస్‌మెంట్ కావాలని సగం మంది, అక్కర్లేదని సగం మంది. రెండు రోజుల్లో మూడొందల మెసేజ్‌లు. ఇంకొకాయనదైతే వేరే దారి: "జూలై దాకా ఆగు బ్రదర్, నీకు ఎనిమిదేళ్లు నిండి 15 వస్తాయి, అప్పుడు 189 వీసాకే వెళ్లు, ఏ రాష్ట్రానికీ కట్టుబడక్కర్లేదు." టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. చివరికి నమోదున్న ఏజెంటును ఒక్క గంట మాట్లాడించుకున్నాను, మన డబ్బుల్లో పదకొండు వేలు. ఆవిడ నా తేదీలు చూసి ఐదో నిమిషంలో తేల్చేసింది: 2015 జూలై నుంచి 2022 ఆగస్టు దాకా ఏడేళ్లు. దానికే 10 పాయింట్లు. కొత్త ఉద్యోగం పాయింట్లకు వాడుకోవద్దు, ఉద్యోగం చేస్తున్నట్టు చూపిస్తే చాలు. మూడొందల మెసేజ్‌లలో ఒక్కరు కూడా 'అసలు నీకు ఆ నెలలు కావాలా?' అని అడగలేదు. నేనూ ఆ ప్రశ్న వేసుకోలేదు.

జూలై దాకా ఆగమన్న సలహా గురించి అడిగితే, "మీ పుట్టినరోజు ఎప్పుడు?" అంది. సెప్టెంబరు. 33 నిండితే వయసుకిచ్చే 30 కాస్తా 25 అవుతుంది, అదీ ఇన్విటేషన్ వచ్చే రోజుకు లెక్క. అంటే కొత్త అసెస్‌మెంట్ చేయించుకుని మరీ నేను సంపాదించే ఐదు, రెండు నెలలు తిరగకుండా పోతాయి. ఆగలేదు. 2023 మే తర్వాత 189కి మళ్లీ పిలుపుల రౌండ్ జరిగింది డిసెంబరులో. ఆగమన్న ఆయన సలహా నా మేలు కోరే ఇచ్చాడు, ఆయనకు అలా కలిసొచ్చింది మరి.

నామినేషన్ వచ్చాక వీసా వేయడానికి 60 రోజులు. గ్రూప్ ఇక్కడ మళ్లీ ఆదుకుంది. జూలై 1న ఫీజులు పెరుగుతాయి, ఈలోపే కట్టేయమన్నారు. జూన్‌లో కట్టాను: నాకు 4,240 డాలర్లు, మా ఆవిడకు 2,120, పాపకు 1,060. జూలైలో ప్రధాన దరఖాస్తు ఒక్కటే 4,640 అయింది. ఇంకో సలహా, మెడికల్స్ ముందే చేయించేయడం, నాకు ఎదురు తిరిగింది. మెడికల్స్ మామూలుగా ఏడాది చెల్లుతాయి, నా వీసాకు పదిహేడు నెలలు పట్టింది. ముగ్గురికీ రెండోసారి డబ్బు కట్టాం. పాప రెండుసార్లు ఏడ్చింది.

ఆ పదిహేడు నెలలూ గ్రూప్‌లో ఉండకూడదు. వీసా గ్రాంట్లు ఆస్ట్రేలియా ఆఫీసు వేళల్లో వస్తాయి, అంటే మనకు తెల్లవారుజాము. నాలుగున్నర నుంచి ఫోన్ టింగ్ టింగ్‌మంటుంది. మీకంటే రెండు నెలలు వెనక వేసినవాడికి వచ్చిందని తెలుస్తుంది, కారణం ఎవరికీ తెలియదు, అందరూ చెబుతారు. మా ఆవిడ ఒకరోజు నా ఫోన్ తీసుకుని గ్రూప్‌ను మ్యూట్‌లో పెట్టేసింది. మెయిల్ వచ్చిన రోజు నేను పళ్లు తోముకుంటున్నాను, గ్రూప్‌కు చెప్పింది సాయంత్రం.

స్టార్లు వేయమంటే: 'ఎలా' అని అడిగిన ప్రతిసారీ నాలుగున్నర. ఏ కాగితం, ఏ వరుస, పరీక్షకు ఎలా కూర్చోవాలి, ఫీజు ఏ కార్డుతో కట్టాలి, ఇవి ఏజెంటు కంటే బాగా చెబుతారు. 'నాకు వస్తుందా, ఏది ఎంచుకోను, ఎప్పుడు వేయను' అన్నప్పుడు ఒకటిన్నర. ఎవరికి వాళ్లు తాము వేసిన నాటి సంగతే చెబుతారు, అది ఏ సంవత్సరమో మనమే అడగాలి. బావగారి దగ్గర నాకు అది తట్టలేదు.

2025 ఆగస్టు చివర్లో మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, పీటీఈలో ఎంత రావాలి?"

"అన్నిట్లో 79 దాటితే సుపీరియర్‌రా, 20 పాయింట్లు" అన్నాను, కూర తాలింపు వేస్తూ.

వాడికి స్పీకింగ్‌లో 84 వచ్చింది. ఆగస్టు 7 నుంచి రాసే పరీక్షలకు స్కోర్లు మార్చేశారు, స్పీకింగ్‌కు ఇప్పుడు 88 కావాలి, రైటింగ్‌కు 85. వాడు మళ్లీ రాస్తున్నాడు. ఫీజులో సగం నేను పంపాను.