కౌన్సెలింగా, మందులా, సాటి రోగుల తోడా: నాడీ కండర వ్యాధులున్నవారి మనసుకు ఏది మేలు?

కండరాలను గానీ వాటిని కదిలించే నరాలను గానీ దెబ్బతీసే జబ్బు వచ్చినప్పుడు వైద్యమంతా కాళ్లూ చేతులూ ఊపిరీ చుట్టూ తిరుగుతుంది. మనసు బాగోలేదని రోగి నోరు తెరిచి చెప్పినప్పుడు మాత్రం సాధారణంగా మూడు సలహాలు వినిపిస్తాయి: కౌన్సెలింగ్‌కు వెళ్లమని ఒకరు, మందులు వాడమని మరొకరు, అదే జబ్బున్నవారిని కలవమని ఇంకొకరు. ఈ మూడింటిలో ఏది మేలన్నదానికి నా జవాబు ముందే చెబుతాను. ఎక్కువమందికి మొదటి అడుగుగా మేలైనది, ఆ జబ్బు తీరు తెలిసిన మనిషి చేసే కౌన్సెలింగ్. కుంగుబాటు తీవ్రంగా ఉంటే, కౌన్సెలింగ్ ఫలించేదాకా ఆగకుండా మందును కూడా వెంటనే మొదలుపెట్టాలి. సాటి రోగుల బృందం ఈ రెంటిలో దేనికీ బదులు కాదు. కానీ అది ఇచ్చేదాన్ని ఈ రెండూ ఇవ్వలేవు.

అయితే ఎంచుకునే ముందు, కనిపిస్తున్నది నిజంగా కుంగుబాటేనా అన్నది తేల్చుకోవాలి. ఈ వ్యాధులలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. కుంగుబాటును అంచనా వేయడానికి విస్తృతంగా వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో నీరసం, నిద్ర, ఆకలి, కదలికలు నెమ్మదించడం వంటి వాటి గురించి కూడా అడుగుతారు. మయస్తీనియా గ్రేవిస్ (వాడేకొద్దీ కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు) లేదా మస్క్యులర్ డిస్ట్రఫీ (కండరాలు క్రమంగా క్షీణించే వంశపారంపర్య జబ్బు) ఉన్న మనిషికి మనసు నిబ్బరంగా ఉన్నా ఆ ప్రశ్నల దగ్గర మార్కులు పెరుగుతాయి. 1983లో రూపొందిన హాడ్స్ అనే ప్రశ్నావళి శరీర లక్షణాలను చాలావరకు పక్కనపెట్టి 14 ప్రశ్నలలో మనసునే అడుగుతుంది కనుక ఇలాంటివారికి అదే నయమని నా అభిప్రాయం.

ప్రశ్నావళి కంటే ముఖ్యమైన సంగతి ఊపిరిది. పడుకున్నప్పుడు శ్వాస కండరాలు తగినంతగా పనిచేయక ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే, పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మగత, చిరాకు, దేనిమీదా మనసు నిలవకపోవడం మొదలవుతాయి. చూసేవారికి ఇది అచ్చం కుంగుబాటులాగే ఉంటుంది. దీనికి కావలసింది మాత్రం రాత్రిపూట ఊపిరికి సాయం చేసే బైపాప్ యంత్రం. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు కూడా నిద్రను చెడగొట్టి, మనసును ఒకసారి ఉద్రేకంలోకి, మరోసారి దిగులులోకి నెడతాయి. కండరాలను కదిలించే నరకణాలు క్రమంగా నశించే ఏఎల్ఎస్ అనే జబ్బులో కొందరికి దుఃఖం లేకుండానే ఏడుపు, సంతోషం లేకుండానే నవ్వు తన్నుకొస్తాయి. భావోద్వేగాలను అదుపుచేసే మెదడు మార్గాలు దెబ్బతినడం వల్ల అలా జరుగుతుంది. దానికి వేరే మందులున్నాయి. బిగిసిన కండరాలు వెంటనే సడలని మయోటానిక్ డిస్ట్రఫీ అనే జబ్బులో కనిపించే నిరాసక్తత కూడా చాలావరకు మెదడుపై ఆ వ్యాధి ప్రభావమే. ఆ మనిషిని బద్ధకస్తుడని ఇంట్లోవారు ఏళ్ల తరబడి నిందించడం నిజంగా బాధాకరం, ఎందుకంటే ఆ నింద నుంచే అసలైన కుంగుబాటు పుట్టవచ్చు.

ఇవన్నీ చూసుకున్నాక మిగిలేదే మనసు బాధ, దానికి కౌన్సెలింగ్ ఎందుకు ముందుండాలో చెబుతాను. మామూలు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో మనిషి ఆలోచనను పట్టుకుని అది ఎంతవరకు నిజమో పరీక్షిస్తారు. కానీ క్రమంగా ముదిరే వ్యాధి ఉన్నవారు 'వచ్చే ఏడాదికి నేను నడవలేకపోవచ్చు' అంటే అందులో సరిదిద్దవలసిన తప్పేమీ లేదు. అది జరగవచ్చు కూడా. యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ ఆ మాటతో వాదనకు దిగదు. ఆ భయం ఉండగానే, ఉన్న శరీరంతోనే, ఈ మనిషికి విలువైన పని ఏది, అందులో ఈ వారం ఎంత చేయవచ్చు అని అడుగుతుంది. ఈ పద్ధతిని ఏఎల్ఎస్‌తో సహా మోటార్ న్యూరాన్ వ్యాధి ఉన్న 191 మందిపై బ్రిటన్‌లో పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారి కంటే దీన్ని కూడా తీసుకున్నవారి జీవన నాణ్యత మెరుగ్గా ఉంది. అంతకు ముందు, 2018లో, మయోటానిక్ డిస్ట్రఫీ ఉన్న 255 మందితో నాలుగు ఐరోపా దేశాలలో జరిపిన పరీక్షలో, ప్రవర్తనను మార్చే థెరపీతో పాటు అవసరమైనవారికి క్రమబద్ధమైన వ్యాయామం కలిపితే రోజువారీ పనులు చేసుకునే శక్తి పెరిగిందని తేలింది. నయంకాని జబ్బుకు మాటలతో ఏమవుతుందని అడిగేవారికి ఈ రెండూ చాలినంత జవాబు.

కానీ కౌన్సెలర్‌కు జబ్బు తెలియకపోతే ఆ మేలంతా చేజారిపోతుంది. మయస్తీనియా ఉన్న వ్యక్తి మాట్లాడడం మొదలుపెట్టిన కాసేపటికి గొంతు ముక్కులోంచి వస్తున్నట్టు మారి, మాటలు ముద్దయి, దవడ జారకుండా చేత్తో పట్టుకోవలసి వస్తుంది. రెప్పలు వాలిపోతాయి. నవ్వితే పెదవుల చివరలు పైకి లేవక ఆ నవ్వు కోపంలా కనిపిస్తుంది. ఇదంతా తెలియని కౌన్సెలర్ ముఖంలో భావం లేదనీ, సహకరించడం లేదనీ రాసుకుంటారు. తెలిసినవారైతే రోగి కండరాలకు కొన్ని గంటలపాటు బలమిచ్చే పిరిడోస్టిగ్మిన్ మాత్ర వేసుకుని అది పనిచేస్తున్న సమయానికే భేటీ పెడతారు; గంటకు బదులు అరగంటతో ముగిస్తారు; గొంతు అలిసిపోతే మిగతాది రాసి చూపించమంటారు; ప్రయాణమే రోజంతటి శక్తిని తినేసేవారితో ఫోనులోనో వీడియోలోనో మాట్లాడతారు. ఎంతో పేరున్న కౌన్సెలర్ కంటే ఈ సర్దుబాట్లు చేసే మామూలు కౌన్సెలర్ మేలని గట్టిగా చెబుతాను.

మందుల వైపున్న పెద్ద సౌలభ్యం ఏమిటంటే, వాటికి రోగి ఓపికతో పనిలేదు. మాట్లాడే శక్తి కూడా లేని మనిషికి, మంచం దిగడానికే మనసు రాని మనిషికి కౌన్సెలింగ్ ఎక్కవలసిన మరో మెట్టు అవుతుంది. మందు ముందుగా కొంత బలమిస్తే ఆ తర్వాత మాటలు పనిచేస్తాయి. సెర్ట్రలీన్ వంటి, ఎస్ఎస్ఆర్ఐ అనే రకం కుంగుబాటు మందులు ఈ వ్యాధులలో చాలామందికి పడతాయి. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆపవలసి వచ్చినా ఉన్నట్టుండి ఆపకూడదు.

అయితే మిగతావారికి అలవోకగా రాసే మందులు ఇక్కడ ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు, ఈ సంగతి ప్రతి రోగి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. ఆందోళన తగ్గడానికీ నిద్ర పట్టడానికీ ఇచ్చే డయాజెపామ్ జాతి మందులు శ్వాసను మందగింపజేస్తాయి కనుక, శ్వాస కండరాలు బలహీనపడినవారు వాటి జోలికి తమంతట తాము వెళ్లకూడదు. గుండెదడ తగ్గడానికి వాడే ప్రొప్రనొలాల్ మయస్తీనియాను ముదిరేలా చేయవచ్చు. మయోటానిక్ డిస్ట్రఫీలో గుండె లయ దెబ్బతినే అవకాశం ఉన్నందున అమిట్రిప్టిలీన్ వంటి పాతతరం కుంగుబాటు మందులు రాసేముందు ఈసీజీ చూడాలి. అదే అమిట్రిప్టిలీన్ నోరు ఎండబెట్టే గుణం వల్ల, లాలాజలం మింగలేక ఇబ్బందిపడే ఏఎల్ఎస్ రోగికి ఉపకారం కూడా చేయవచ్చు. అందుకే మందు ఎంపిక మానసిక వైద్యుడు, నరాల వైద్యుడు ఒకరితో ఒకరు మాట్లాడుకుని చేయవలసిన పని. వారు మాట్లాడుకోకపోతే, వాడుతున్న మందుల పూర్తి జాబితాను రోగే ఇద్దరికీ చూపించాలి.

సాటి రోగుల బృందం సంగతికొస్తే, దాని విలువ అనుభవంలో ఉంది. రెండుగా కనిపించే చూపుతో మెట్లు ఎలా దిగాలో, చెయ్యి పైకి లేవనప్పుడు మోచేతిని సింకు అంచున ఆనించి పళ్లు ఎలా తోముకోవాలో, చక్రాల కుర్చీ ఎక్కడాన్ని ఓటమిగా కాక తిరగగలిగే స్వేచ్ఛగా ఎప్పుడు చూడగలిగారో చెప్పేవారు అక్కడే దొరుకుతారు. అరుదైన జబ్బు తెచ్చే ఒంటరితనానికి ఇంతకంటే మంచి మందు లేదు. కానీ తీవ్రమైన కుంగుబాటును బృందం మోయలేదు. జబ్బు బయటపడిన మొదటి వారాలలో, ముదిరిన దశలో ఉన్నవారిని చూస్తే కొందరు ఇంకా బెదిరిపోతారు; డుషెన్ (చిన్నతనంలోనే మొదలయ్యే తీవ్రమైన మస్క్యులర్ డిస్ట్రఫీ) నిర్ధారణ అయిన పిల్లల తల్లిదండ్రుల విషయంలో ఇది మరీ నిజం. అలాంటివారికి పెద్ద సమావేశం కంటే, కాస్త ముందు నడిచిన ఒక్క కుటుంబంతో పరిచయం చేయడం మేలు. రుజువులేని వైద్యాల ప్రచారాన్ని అడ్డుకునే నిర్వాహకులు లేని బృందానికైతే దూరంగా ఉండడమే క్షేమం.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, జబ్బు కొత్తగా తెలిసినప్పుడు కౌన్సెలింగ్, ఏళ్లుగా నిలకడగా ఉన్నవారికి బృందం, మూడు పూటలా దిగులే ఉండి తిండీ నిద్రా పోయినవారికి మందుతో కూడిన కౌన్సెలింగ్ అన్నది నా ఎంపిక. జబ్బు వేగంగా ముదురుతున్నవారికి మాత్రం ఒకటి తర్వాత ఒకటి ప్రయత్నించే తీరిక ఉండదు. మూడూ ఒకేసారి మొదలుపెట్టాలి, రోగిని చూసుకుంటున్న ఇంట్లోవారికి కూడా విడిగా మాట్లాడే మనిషి ఉండాలి. చనిపోవాలన్న ఆలోచన బయటపడితే ఈ తూకమంతా పక్కనపెట్టి, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు అత్యవసర వైద్య సాయం అందించాలి.

ఏది ఎంచుకున్నా, మొదలుపెట్టేటప్పుడు నింపిన ప్రశ్నావళినే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ నింపి చూడాలి. మార్పు లేకపోతే తప్పు రోగిలో వెతకకుండా కౌన్సెలర్‌ను, మోతాదును లేదా పద్ధతినే మార్చమని అడగాలి, దానితోపాటు రాత్రి శ్వాస పరీక్ష మరోసారి చేయించాలి.