స్లో కుక్కర్‌లో ఫ్రూట్ కేక్: ఆరేళ్లు చేశాక చెబుతున్న మాట

మా ఇంట్లో ఓవెన్ ఉంది. అయినా ఆరేళ్లుగా క్రిస్మస్ ఫ్రూట్ కేక్ స్లో కుక్కర్‌లోనే, అంటే తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్‌లోనే చేస్తున్నాను. మూడున్నర లీటర్ల కోలగా ఉండే పింగాణీ గిన్నె, లో, హై, వార్మ్ అని మూడు సెట్టింగులు. టైమర్ కూడా లేదు. ఈ కేక్‌కి అంతకుమించి అక్కర్లేదు.

కిలో ఎండు పళ్లు తీసుకుంటాను. సగం కిస్మిస్, మిగతా సగం సన్నగా తరిగిన ఖర్జూరం, అంజీర్, ఆప్రికాట్. వాటిని 600 మిల్లీలీటర్ల నారింజ రసంలో రాత్రంతా నానబెడతాను. పొద్దున్నే అందులో 2 కప్పుల మైదా, 3 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కలిపితే పిండి సిద్ధం. గుడ్లు, వెన్న, చక్కెర ఏవీ వెయ్యను, తీపంతా పళ్లదే. నానబెట్టడం మాత్రం మానకండి. ఒకసారి తొందరపడి గంటసేపే నానబెట్టాను. పళ్లు పిండిలోని తడినంతా పీల్చేసుకున్నాయి, కోస్తుంటే కేక్ పొడిపొడిగా రాలిపోయింది.

అసలు కిటుకు మూత దగ్గర ఉంది. స్లో కుక్కర్ మూత ఆవిరిని బయటికి పోనివ్వదు, నీటిచుక్కలుగా మార్చి మళ్లీ గిన్నెలోకే వదులుతుంది. కూరకీ సూపుకీ అది వరం. కేక్‌కి అదే చేటు. మొదటి ఏడాది నాకీ సంగతి తెలీదు. మూత తీసి చూస్తే పైన వేలెడు మందాన తెల్లగా, జిగురు ముద్దలా ఉంది. చెంచాతో గీకి పారేశాను, బాధేసింది. అప్పటినుంచి మూత కింద శుభ్రమైన కాటన్ తువ్వాలు బిగుతుగా పరిచి, నాలుగు కొసలూ మూత పిడి మీద ముడి వేస్తున్నాను. కొసలు వేలాడి కుక్కర్ వేడి బాడీకి తగలకూడదు. మూడు గంటలయ్యేసరికి ఆ తువ్వాలు పిండితే నీళ్లు కారేంత తడిసిపోతుంది. అప్పుడు చటుక్కున పొడిది మారుస్తాను. అంతకుముందు ఎంత ఆత్రంగా ఉన్నా మూత ఎత్తను, ఎందుకంటే పోయిన వేడి మళ్లీ ఎక్కడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది.

నా కుక్కర్‌లో స్విచ్‌కి ఎదురువైపు వేడి ఎక్కువ. రెండో ఏడాది ఆ అంచు మాడింది. ఇప్పుడు గిన్నె అంతా బేకింగ్ పేపర్ రెండు పొరలు వేసి, ఆ వైపు మాత్రం మడతపెట్టిన ఫాయిల్ అదనంగా పెడుతున్నాను. తువ్వాలు మార్చేటప్పుడే గిన్నెను అటుదిటు తిప్పేస్తాను. మీ కుక్కర్‌లో ఏ వైపు వేడి ఎక్కువో రెండు కేకులు చేస్తే తెలిసిపోతుంది.

లో పెట్టాలా, హై పెట్టాలా? రెండూ చివరికి చేరేది దాదాపు ఒకే వేడికి, హై త్వరగా చేరుతుంది, అంతే తేడా. హైలో రెండున్నర గంటలకి అంచులు ఎండిపోయాయి, నడుమ పచ్చిగానే ఉంది. లోలో ఐదున్నర గంటలు పెడితే అంతా సమానంగా ఉడుకుతుంది. ఉడికిందో లేదో చూడటానికి పుల్ల ఒక్కచోట గుచ్చితే చాలదు. కిస్మిస్‌లో దిగితే జిగురుగానే వస్తుంది, పిండి పచ్చిగా ఉందనుకుంటాం. మూడు చోట్ల గుచ్చి చూడండి. థర్మామీటర్ ఉంటే టెన్షనే లేదు: నడిమధ్యలో 96 నుంచి 98 డిగ్రీల సెల్సియస్ వస్తే దించేయొచ్చు.

లోటు ఒకటుంది. పైభాగం ఎప్పటికీ ఎర్రగా కాలదు. అంత తేమలో రంగు రాదు, ఓవెన్ కేక్ పైపొరలోని ఆ కమ్మదనమూ ఉండదు. నేను జామ్ కాస్త వేడిచేసి పైన పూస్తాను, చూపుకి బాగుంటుంది. స్పాంజ్ కేక్ కూడా రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ అణిగిపోయింది. వేడి నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి పిండి గట్టిపడేలోపే బుడగలు జారుకుంటాయి. ఫ్రూట్ కేక్ ఎలాగూ బరువైనదే, దానికి ఆ ఇబ్బంది లేదు.

స్విచ్ ఆపి, మూత తీసి అరగంట వదిలేశాక పేపర్ అంచులు పట్టుకుని కేక్‌ను పైకి లాగండి. వేడి గిన్నెను చల్లటి రాతి గట్టు మీద పెట్టొద్దు, పింగాణీ పగులుతుంది. కోయడం మర్నాడే. తేమ ఎక్కువ కనుక రెండు మూడు రోజులు దాటితే ఫ్రిజ్‌లో పెట్టాలి.

కొత్తగా కొనేవాళ్లు గిన్నె విడిగా బయటికి వచ్చేదీ, మూతకి ముడి నిలిచేంత ఎత్తు పిడి ఉన్నదీ చూసుకోండి. ఆరు లీటర్లది ఈ కొలతకి పెద్దది. పిండి పలచగా పరుచుకుని, కేక్ రొట్టెలా వస్తుంది.