ఎముక ముక్కే పోయిన కాలికి రింగులు మేలా, సిమెంటు మేలా?

యాక్సిడెంట్‌లో కాలి ఎముక ముక్క పోయి, రాడ్ వేసినా అతుక్కోక, కర్రల మీదే రోజులు గడిపేవాళ్లు పలాస, టెక్కలి, రాజాం వైపు నుంచి ఫిజియోథెరపీకి మా దగ్గరికి వస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న, రింగులా సిమెంటా అని.

సిమెంటు అంటే ఫ్రాన్స్‌లో 1980ల్లో మొదలైన మాస్కెలే పద్ధతి. ఎముక పోయిన ఖాళీలో, ఆపరేషన్లలో వాడే ఎముకల సిమెంటుతో చేసిన దిమ్మ పెట్టి 6 నుంచి 8 వారాలు ఆగితే దాని చుట్టూ పొర కడుతుంది, అప్పుడు దిమ్మ తీసి తుంటి నుంచి తెచ్చిన ఎముకతో నింపుతారు. ఒంటి మీద ఇనుము మోసే బాధ చాలామందికి ఉండదు, ఖాళీ పెద్దదైనంత మాత్రాన గడువు అంతగా పెరగదు. కానీ తుంటిలో దొరికే ఎముకకు ఒక హద్దుంది.

రింగులది ఇలిజారోవ్ పద్ధతి, 1950ల్లో సైబీరియాలోని కుర్గాన్‌లో పుట్టింది. కాలి చుట్టూ ఇనుప రింగులు పెట్టి సన్నటి తీగలతో ఎముకకు బిగిస్తారు, రింగులను కలిపే కడ్డీలకు నట్లుంటాయి. బాగున్న చోట ఎముకను కోసి ఆ ముక్కను రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున జరుపుతారు, వెనకాల కొత్త ఎముక పుట్టుకొస్తుంది. ఇంట్లోవాళ్లే 10 నంబరు స్పానర్‌తో ఆరేసి గంటలకు నట్టు పావు చుట్టు తిప్పాలి, నట్టు మీద పెన్నుతో గీత పెట్టుకుంటే తప్పు జరగదు. తీగలు దిగినచోట చీము పట్టొచ్చు, పాదం కిందికి వాలిపోకుండా రోజూ తువ్వాలుతో పైకి లాగుతుండాలి, 6 సెంటీమీటర్ల ఖాళీకి దాదాపు ఏడాది పడుతుంది. కష్టమే, కాదనను.

అయినా మోకాలి కింది ఎముకకు నేను రింగుల వైపే ఉంటాను, ఎందుకంటే రింగులతో మొదటి వారాల నుంచే కాలు నేల మీద మోపి నడిపిస్తాం. సిమెంటు పద్ధతిలో, ముఖ్యంగా ప్లేటు వేస్తే, కొత్త ఎముక గట్టిపడేదాకా బరువు వేయనివ్వరు, ఈలోగా కండ కరిగి మోకాలు బిగుసుకుంటుంది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే మనిషి అన్నాళ్లు మంచాన పడితే మళ్లీ పనిలోకి రావడం ఎంత కష్టమో నేను కళ్లారా చూస్తున్నాను. తొడ ఎముకకైతే రింగులతో కూర్చోవడమే నరకం, అక్కడ సిమెంటుకే ఓటు.

రక్తనాళంతో సహా పక్క ఎముకను తెచ్చి అతికే ఆపరేషన్ కూడా ఉంది, అది అన్నిచోట్లా చేయరు.

ఏది చేయించుకున్నా చచ్చిన ఎముక, చీము ముందు పూర్తిగా తీయించాలి. బీడీ, చుట్ట, మనవైపు ఆడవాళ్ల అడ్డపొగ (నిప్పు కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం), అన్నీ మానాలి, పొగాకు ఎముకను అతకనివ్వదు. డాక్టరు గారిని మాత్రం సూటిగా అడగండి: ఆపరేషన్ అయిన ఎన్నాళ్లకు కాలు మోపనిస్తారు?