ధవళేశ్వరం వెళ్తే ముందు కాటన్ బంగ్లా, ఆ తర్వాతే బ్యారేజీ

రాజమండ్రి వచ్చినవాళ్లు చాలామంది ధవళేశ్వరం బ్యారేజీ మీద ఫొటో దిగి వెనక్కి వెళ్లిపోతుంటారు. పక్కనే ఉన్న కాటన్ బంగ్లా చూడకుండా పోతున్నారే అని నాకు మనసు ఉసూరుమంటుంది. గోదావరికి తొలి ఆనకట్ట కట్టించిన బ్రిటిష్ ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ బంగ్లా అది, ఇప్పుడు ఆయన పేరిట మ్యూజియం. ఆ రెండంతస్తుల భవనానికీ దాని తోటకీ ఒక పూట కేటాయించండి.

నన్ను కట్టిపడేసింది తోటే. ఆనకట్ట పనుల్లో వాడిన ఇనుప యంత్రాలను ఆరుబయటే ఉంచారు. ఒక పళ్లచక్రాన్ని దగ్గరగా చూశాను, ఒక్కో పన్ను నా బొటనవేలికంటే మందం. లారీలు, క్రేన్లు లేని రోజుల్లో 1847లో మొదలెట్టి 1852కల్లా గోదావరికి అడ్డంగా కట్ట వేసేశారు! లోపలి నమూనా చూస్తే ఈ చోటే ఎందుకో తెలుస్తుంది. ఇక్కడ నది లంకల మధ్య పాయలుగా చీలుతుంది. అందుకే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. 1830ల్లో కరువుతో అల్లాడిన నేల ఆ ఆనకట్ట నుంచి తవ్విన కాలువల వల్లే అన్నపూర్ణ అయింది. మే 15న, కాటన్ పుట్టినరోజున, రైతులు ఆయన విగ్రహానికి దండలు వేసేది అందుకే. పిల్లల్ని తీసుకెళ్తే వీణం వీరన్న గురించీ చెప్పండి. కూలీలను కూడగట్టి పని నడిపించిన మన ఓవర్సీర్ ఆయన.

ఇవన్నీ చూశాక బ్యారేజీ ఎక్కితే ఆ 175 గేట్లు వేరేలా కనిపిస్తాయి. ఇది పాత ఆనకట్ట స్థానంలో 1970ల్లో మొదలైన కట్టడం.

బస రాజమండ్రిలోనే మేలు. మేం దిగిన హోటల్లో గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్ల కోసం పొద్దున్నే రెండుసార్లు ఫోన్ చేయాల్సొచ్చింది. అడ్వాన్స్ ఇచ్చేముందు గీజర్ వేసి చూపించమనండి. ధవళేశ్వరానికి షేర్ ఆటో చాలు. టైముంటే ఊళ్లోనే వీరేశలింగం గారి ఇల్లు కూడా చూడండి, 1881లో తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించింది ఆయనే.

తిరుగు ప్రయాణం తొందర లేకపోతే బ్యారేజీ రోడ్డు మీదుగా బొబ్బర్లంక దాటి ఆత్రేయపురం వెళ్లండి. పూతరేకులు ప్యాకెట్లలో కాదు, రేకు తీసే ఇంటి దగ్గరే కొనండి. పిండిజావలో ముంచిన గుడ్డని వేడి కుండ మీద అలా పరిచి లాగగానే రేకు వచ్చేస్తుంది. బెల్లంవి తీసుకోండి, పంచదారవాటి కంటే నాకవే నచ్చాయి.