హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ కిట్: కొన్నేళ్ల వాడకం తర్వాత

జూనియర్ కళాశాల రెండో సంవత్సరం విద్యార్థులకు విద్యుద్రసాయన శాస్త్రం బోధించడానికి తెప్పించిన కిట్ ఇది. పెట్టెలో ఒక సోలార్ పలక, ఫ్యాను, ఒక సెల్ వస్తాయి. పలక ఇచ్చే విద్యుత్తుతో ఆ సెల్ నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొడుతుంది, ఆ తర్వాత అదే సెల్ వాటిని కలిపి ఫ్యానుకు విద్యుత్తు ఇస్తుంది. ఇక నేరుగా ఆ సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్ల నడుమ ఉండే పల్చటి పొర సంగతికే వస్తాను. ఈ పరికరం మీద నాకున్న ఇష్టమూ కోపమూ దాని వల్లనే.

జింకు, రాగి కడ్డీలతో చేసే డేనియల్ సెల్‌లో జింకు కడ్డీ కరుగుతూ ఎలక్ట్రాన్లను ఇస్తుంది, మైలుతుత్తం ద్రావణంలోని రాగి అవతలి కడ్డీ మీద పేరుకుంటుంది. జింకు అయిపోతే సెల్ పనీ అయిపోతుంది. ఈ కిట్‌లోని ఫ్యూయల్ సెల్‌లో ఎలక్ట్రోడ్లు కరగవు. ప్లాటినం ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్ ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. పొర ప్రోటాన్లను మాత్రమే సాగనిస్తుంది కాబట్టి ఎలక్ట్రాన్లు తీగ గుండా, ఫ్యాను మోటారును తిప్పుకుంటూ వెళ్లి, అవతల ప్రోటాన్లతోనూ ఆక్సిజన్‌తోనూ కలిసి నీరవుతాయి. అపోలో వ్యోమగాములు తమ ఫ్యూయల్ సెల్‌లలో ఇలా పుట్టిన నీటినే తాగారని చెప్పినప్పుడు తరగతిలో వెనక బల్లలు సైతం తలెత్తుతాయి.

కరిగేది ఏదీ లేదు కాబట్టి అరుగుదల లేని సెల్ అని మొదట్లో సహోద్యోగులకు గట్టిగానే చెప్పాను. వేసవి సెలవుల తర్వాత జూన్‌లో తీస్తే, సోలార్ పలక ఎండలో సరిగ్గానే వోల్టేజి ఇస్తున్నా, నీటిని విడగొట్టవలసిన అదే సెల్‌లో ఒక్క బుడగా లేవలేదు. పొర పూర్తిగా ఎండిపోయింది. అందులోని సల్ఫోనిక్ ఆమ్ల సమూహాల మధ్య ప్రోటాన్లు నీటి అణువుల ఆసరాతోనే కదులుతాయి. తడి ఆరితే వాటికి దారి లేదు. సెలవులకు ముందు గొట్టాలకు మూతలు బిగించి తేమ నిలపాలన్న మాట వెంట వచ్చిన కాగితంలో ఒక్క ముక్కయినా లేదు. స్వేదనజలం ఎక్కించి రాత్రంతా ఉంచితే మళ్లీ బుడగలు వచ్చాయి, హైడ్రోజన్ ఎప్పటిలాగే ఆక్సిజన్‌కు రెట్టింపు చేరింది. అయితే తనంతట తానే తిరిగే ఫ్యానును ఇప్పుడు వేలితో కదిలించి మొదలుపెట్టవలసి వస్తోంది. సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు రావలసిన చోట, ఫ్యాను లాంటి విద్యుత్ భారం పడితే మంచి స్థితిలోని సెల్ కూడా సుమారు 0.7 వోల్టులకు దిగుతుంది, మాది ఇంకా కిందికి జారుతోంది.

మా ప్రయోగశాలలో స్వేదనజలానికి కొరత లేదు, తాళం నా దగ్గరే ఉంటుంది, అందుకే ఇంకొకటి కొనడానికి నాకు అభ్యంతరం లేదు. బోరు నీటితో సరిపెట్టుకునే చోటయితే, అందులోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు పొరలో ప్రోటాన్ల స్థానాల్లో తిష్ఠవేస్తాయి కాబట్టి, అక్కడ 1.1 వోల్టుల డేనియల్ సెల్‌తోనే పాఠం నడపడం మేలేమో.